కరుణ తరఫున

నవంబరు 9, ఆదివారం

కరుణ ఇవాళ ఫోన్ ఆలస్యంగా చేసింది. మామూలుగా ఆదివారం టిఫిన్లు కాగానే చేస్తుంది. ఈలోపు ఫోన్ సైలెంట్‌లో ఉందేమోనని రెండు మూడుసార్లు చూసుకున్నాను.

తుఫానుకి మీ బాపట్ల ఇంటి సన్‌షేడ్ ఊడిందన్నాను కదా, మేస్త్రీ వచ్చి బాగు చేశాడని చెప్పాను. మోటారు సంగతి చెప్పాను. అద్దె వేశారని చెప్పాను. అన్నిటికీ ఊఁ కొట్టింది. ఆ తర్వాత అసలు విషయం చెప్పింది. వాళ్ళ తమ్ముడు సుధీర్‌కి కొత్త ఆలోచన వచ్చిందట. కార్తీకమాసంలో సూర్యలంకకి వచ్చే జనాన్ని చూశాడు. శని, ఆదివారాలు గుంటూరు నుంచీ హైదరాబాద్ నుంచీ వచ్చేవాళ్ళకి ఇల్లు రోజు లెక్కన ఇస్తే, ఇప్పుడొచ్చే అద్దె ఒక మూలకి కూడా రాదట. జనవరి సెలవులకల్లా ఇల్లు తయారు కావాలి. అంటే డిసెంబరు ఆఖరుకి అద్దెకున్న గంగాదేవి వాళ్ళు ఖాళీ చేయాలి.

అగ్రిమెంటు ఏప్రిల్ దాకా ఉంది కదా అన్నాను.

"అందుకే నిన్ను చెప్పమంటున్నా. మా పిన్నివాళ్ళు వచ్చి ఉంటారని చెప్పు. సొంతవాళ్ళకి అంటే ఎవరూ గొడవ పెట్టుకోరు. నువ్వు చెబితే వింటారు మైథిలీ."

నువ్వు చెబితే వింటారు. సాయంత్రం దాకా ఆ మాట చెవుల్లో ఉంది. నేను పాఠాలు చెప్పిన బడి మూసేశాక, నేను చెబితే వినేవాళ్ళు ఎవరున్నారు?

మూడేళ్ళ కిందట, ఖాళీగా ఉన్నావు, బాపట్ల ఇల్లు కాస్త చూసుకో, నీకూ వ్యాపకంగా ఉంటుంది అని కరుణే అంది. ఏమన్నా పుచ్చుకోమంది కూడా. ఒకే బెంచీ మీద కూర్చుని చదువుకున్నవాళ్ళం, మన మధ్య డబ్బులేంటి అన్నాను. నేనే అన్నాను.


నవంబరు 13, గురువారం

బాపట్ల వెళ్ళొచ్చాను. రైలు నిండా సముద్రస్నానాల జనం. తెనాలి నుంచి నిడుబ్రోలు దాకా నిలబడే ఉన్నాను.

ఇవాళ చెప్పడం కుదరలేదు. గంగాదేవి అప్పుడే మార్కెట్టు నుంచి వచ్చింది. తెల్లవారుజామునే సూర్యలంక వెళ్ళి పడవల దగ్గర చేపలు కొంటుంది. ఆటోలో తెచ్చి మధ్యాహ్నం దాకా అమ్ముతుంది. వాళ్ళాయన నాగులు వేటకి పోతాడు, వారంలో సగం రోజులు ఇంట్లో ఉండడు. కూతురు వెన్నెల డిగ్రీ ఆఖరి ఏడు. ఆ పిల్ల చదువు కోసమే రేవు వదిలి ఊళ్ళోకి వచ్చారు.

అలసిపోయి ఉన్న మనిషికి గుమ్మంలోనే ఎలా చెప్పను? కాళ్ళు కడుక్కుని వచ్చి, "అక్కా, అన్నం తినే వెళ్ళాలి" అంది. నేను చేపలు తిననని తెలిసి వేరే పొయ్యి మీద పప్పు పెట్టింది. మాగాయ వేసింది. పక్కన కూర్చుని, పోయిన నెల తుఫానుకి పడవలు ఒడ్డుకి ఎలా లాగారో చెప్పింది. అన్నం పెట్టి పక్కన కూర్చునే మనిషి ఉంటే ఎంత తింటున్నామో తెలియదు.

వచ్చే వారం చెబుతాను.


నవంబరు 14

"చెప్పాను" అని కరుణకి మెసేజ్ పెట్టాను. ఎలాగూ చెప్పబోతున్నాను కాబట్టి అబద్ధం కిందకి రాదు.


నవంబరు 18, మంగళవారం

రేపల్లె. అచ్యుతరామయ్యగారు వచ్చారు. సంస్కృతం లెక్చరర్‌గా చేసి రిటైరయ్యారు, ఇప్పుడు రాజమండ్రిలో తమ్ముడి దగ్గర ఉంటున్నారు. ఏటా పెన్షన్‌కి లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చే పని మీద నవంబరులో వస్తారు. ఆయన ఇంట్లో రెండు వాటాలున్నాయి. మా పక్కింటివాళ్ళు చెబితే కిందటేడు నుంచి వాటినీ నేనే చూస్తున్నాను.

ఆయన అన్న మాటకి మనసు చివుక్కుమంది. వరండాలో కూర్చోబెట్టి, "అమ్మా, నీకు నెలకి ఎంతివ్వాలో చెప్పు" అన్నారు. వద్దండి, పెద్దవారు, ఏదో సాయంగా చేస్తున్నాను అన్నాను.

"సాయమంటే నేను నిన్ను ఎంతవరకు అడగొచ్చో నాకెలా తెలుస్తుంది? వెనకవైపు గోడ బీట తీసిందని కిందివాళ్ళు నాలుగు నెలల కిందట చెప్పారు. నిన్ను మళ్ళీ రైలెక్కించడం మొహమాటమై ఊరుకున్నాను. ఇప్పుడు గోడ పడింది. నువ్వు లెక్క చెప్పకపోతే నేను ఇంకెవరినన్నా పెట్టుకోవాలి."

ఇంకెవరినన్నా. వచ్చేటప్పుడు రైల్లో వేమూరు దాకా అదే ఆలోచన. పనిమనిషితో మాట్లాడినట్టు మాట్లాడారు. కరుణ ఎప్పుడూ అలా అనలేదు. మూడేళ్ళలో ఒక్కసారి కూడా.


నవంబరు 23, ఆదివారం

నందివెలుగులో కరుణ వాళ్ళ పెద్దనాన్న మనవరాలి పెళ్ళి. తను పూణే నుంచి రాలేదు, తన తరఫున నన్ను వెళ్ళి చదివించి రమ్మంది.

పట్టుచీర కట్టుకున్నాను. భోజనాల బంతిలో పక్కనున్నావిడ నువ్వు ఎవరి తాలూకు అమ్మా అని అడిగింది. "కరుణ మనిషినండి" అన్నాను. అలా వచ్చేసింది నోట్లోంచి. ఓహో, వాళ్ళ ఇల్లు చూసే అమ్మాయివా అని, పెళ్ళికొడుకు వైపు వాళ్ళతో మాటల్లో పడింది.

సాయంత్రం కరుణ ఫోన్. చదివింపుల్లో తన పేరే రాయించావా అని అడిగింది, రాయించానన్నాను. పెళ్ళికూతురు ఎలా ఉంది, ఎవరెవరు వచ్చారు అని అడుగుతుందనుకుని అన్నీ గుర్తుపెట్టుకున్నాను. సుధీర్ లైన్లో ఉన్నాడు, మళ్ళీ చేస్తానంది.


నవంబరు 24

మళ్ళీ చేయలేదు. పనిలో ఉండి ఉంటుంది.


నవంబరు 27, గురువారం

ఇవాళ ఖచ్చితంగా చెప్పేద్దామనే వెళ్ళాను. రైలు దిగి సూర్యలంక రోడ్డు మీద నడుస్తూ మాటలు వరసగా పేర్చుకున్నాను. కరుణ వాళ్ళ పిన్నివాళ్ళు వస్తున్నారు, సొంతవాళ్ళు, ఏం చేస్తాం.

నాగులు ఇంట్లోనే ఉన్నాడు. వల ఒళ్ళో పెట్టుకుని అరుగు మీద కూర్చున్నాడు, నన్ను చూసి లేచి లోపలికి వెళ్ళాడు. నాకు అరుగు ఖాళీ అవ్వాలని. గంగాదేవి ఏదో మాటల్లో, ఈ ఇల్లు దొరక్కముందు ఎన్ని గుమ్మాలు ఎక్కారో చెప్పింది. ఏం పని చేస్తారు అని అడిగేవారట. చేపలు అనగానే, అయ్యో, నిన్ననే వేరేవాళ్ళకి ఇచ్చేశాం అనేవారట.

"నువ్వొక్కదానివే అక్కా, ఏం పని చేస్తారని అడక్కుండా తాళం చేతికిచ్చింది" అంది.

నేను అడగాలని తట్టలేదంతే. ఆ మాట చెప్పలేదు. తీసుకున్నాను ఆ మెప్పు.

వెన్నెలకి ఏప్రిల్లో ఆఖరి పరీక్షలు. అవి అయ్యేదాకా ఎక్కడికీ కదలకూడదని, పరీక్షల తేదీలు కేలెండరు మీద పెన్నుతో రాసుకుంది ఆ పిల్ల. చూపించింది. బాగా రాయమ్మా అన్నాను.

ఏదో ఒకటి జరిగి సుధీర్ మనసు మారొచ్చు. ఇలాంటి ఆలోచనలు వాడికి చాలా వస్తాయి, పోతాయి.


డిసెంబరు 5

ఇవాళ ఎవరితోనూ మాట్లాడలేదు. సాయంత్రం కూరలబ్బాయితో, టమాటాలు పచ్చిగా ఉన్నాయన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినపడింది.


డిసెంబరు 14, ఆదివారం

సుధీర్ మనసు మారలేదు. వచ్చే శనివారం రంగులు వేసేవాళ్ళని వెంటబెట్టుకుని బాపట్ల వస్తున్నాడట, కరుణ చెప్పింది. వాళ్ళు సర్దుకుంటున్నారా అని అడిగింది. సర్దుకుంటున్నారన్నాను.

ఇంకో సంగతి కూడా చెప్పింది. చుట్టాలు వచ్చిపోయేటప్పుడు (చుట్టాలు అనే అంది, డబ్బిచ్చి ఉండేవాళ్ళని) తాళాలివ్వడం, దుప్పట్లు మార్పించడం, రాత్రి వేళ కరెంటు పోతే ఫోన్ ఎత్తడం నేనే చూడాలి. బయటివాళ్ళని నమ్మలేం మైథిలీ, నువ్వంటే మా ఇంటి మనిషివి అంది. ఎప్పుడూ సంతోషం వేసే మాటే అది. ఇవాళ వేయలేదు.

సుధీర్ కంటే ముందు వెళ్ళి చెప్పాలి. శుక్రవారం వెళతాను.


డిసెంబరు 19, శుక్రవారం

తలనొప్పి. వెళ్ళలేదు. రేపు మొదటి రైలుకి వెళతాను.


డిసెంబరు 20, శనివారం

రైలు అప్పికట్ల దగ్గర ఆగిపోయింది. నేను వెళ్ళేసరికి సుధీర్ కారు ఇంటి ముందే ఉంది. రంగులవాళ్ళు గోడలు కొలుస్తున్నారు. వంటింట్లో పొయ్యి మీద ఏదో మాడుతున్న వాసన, ఎవరూ దించడం లేదు. గంగాదేవి నడిగదిలో నిలబడి ఉంది. వెన్నెల పుస్తకాలు గుండెకి పట్టుకుని గోడకి ఆనుకుని ఉంది.

సుధీర్ గొంతు పెంచలేదు. మర్యాదగానే మాట్లాడాడు. నన్ను చూడగానే, "ఇదిగో, వచ్చారు. అక్కా, మీరు వీళ్ళకి నెల కిందటే చెప్పారు కదా, ఒక్క సామాను కూడా కట్టలేదేంటి?" అన్నాడు.

గంగాదేవి నా వైపు చూసింది. నేను రంగులవాళ్ళ చేతుల్లోని టేపు వైపు చూశాను. 

"చెప్పారు బాబూ" అంది గంగాదేవి. "మేమే ఇల్లు దొరక్క ఆగాం."

సుధీర్ పదిరోజులు టైమిస్తానని చెప్పి, రంగులవాళ్ళతో డాబా మీదకి వెళ్ళాడు. గంగాదేవి వంటింట్లోకి వెళ్ళి గిన్నె దించింది. నేను వెనకే వెళ్ళాను. ఎందుకలా చెప్పావని అడిగాను.

"ఆ బాబు ముందు మీకు తలవంపులు ఎందుకండి" అంది. గిన్నె వైపే చూస్తూ, "మంచికో చెడుకో, ఆరోజే చెప్పుంటే నెలపాటు ఎతుక్కునేవాళ్ళం కదండీ" అంది.

అండీ అంది. రెండుసార్లు. అక్కా అనలేదు.

వాళ్ళని బాధపెట్టలేక చెప్పలేదనుకుంటూ వచ్చాను ఇన్నాళ్ళూ. పప్పన్నం కోసం చెప్పలేదు. ఆదివారం ఫోన్ కోసం కరుణకేమో చెప్పేశానని చెప్పాను. ఇంకేం రాయను.


డిసెంబరు 21, ఆదివారం

కరుణ ఫోన్ మోగింది. పక్కనే కూర్చుని మోగనిచ్చాను. మూడేళ్ళలో ఇదే మొదటిసారి.


డిసెంబరు 22, సోమవారం

మెసేజ్ రాద్దామని మొదలుపెట్టి చెరిపేశాను. మళ్ళీ రాసి చెరిపేశాను. మెసేజ్ అయితే చదివి ఊరుకుంటుంది. మధ్యాహ్నం నేనే ఫోన్ చేశాను.

ముందు నిజం చెప్పాను. గంగాదేవికి నేనేమీ చెప్పలేదు, నీకు చెప్పానని అబద్ధం రాశాను అన్నాను. కరుణ, అదేంటి మైథిలీ అంది. తర్వాత నేను ఆగకుండా చెప్పుకుంటూ పోయాను, ఆగితే మళ్ళీ చెప్పలేనని. ఏప్రిల్ నెలాఖరు దాకా వాళ్ళని కదిలించే హక్కు మనకి లేదు. అప్పటికి ఖాళీ చేయమని కాగితం ఇస్తాను, ఉన్న కారణమే రాస్తాను. పిన్నివాళ్ళు వస్తున్నారని మాత్రం చెప్పను. ఇకనుంచి అద్దెలో పదో వంతు తీసుకుంటాను. అద్దె వసూలు, మరమ్మతులు, నెలకొకసారి వెళ్ళి చూడటం, అంతవరకే నా పని. దుప్పట్లు నా పని కాదు. పెళ్ళిళ్ళకి నీ తరఫున వెళ్ళడం కూడా కాదు.



"ఇన్నాళ్ళూ ఇదంతా మనసులో పెట్టుకుని చేశావా?" అంది. "నేను ఇస్తానంటే వద్దన్నది నువ్వే కదా."

అవును, నేనే అన్నాను.

"నన్ను వాడుకున్నదాన్ని చేశావు. ఒక మాట అడగనా? ఈ మూడేళ్ళలో ఒక్కసారైనా, ఎలా ఉన్నావే అని అడిగావా నన్ను? ఫోన్ ఎత్తగానే మోటారు, మేస్త్రీ, అద్దె. ఆగస్టులో నాకు ఆపరేషన్ అయింది, నీకు తెలుసా?"

తెలియదన్నాను. చెప్పలేదు కదా అన్నాను.

"చెబుదామనే చేశాను ఆ ఆదివారం. ట్యాంకు పగిలిందని మొదలుపెట్టావు" అని ఫోన్ పెట్టేసింది.

ఆగస్టులో ట్యాంకు పగిలిన మాట నిజమే. దాని గురించి పావుగంట మాట్లాడినట్టు గుర్తు. కరుణ ఏం మాట్లాడిందో గుర్తు లేదు.


డిసెంబరు 26

కరుణ మెసేజ్: ఏప్రిల్ 30 దాకా ఉండనివ్వు. సుధీర్‌ని ఒప్పించాను. తర్వాత ఇల్లు వాడే చూసుకుంటాడు. అప్పటిదాకా నువ్వడిగినట్టే పంపుతాను.

మూడుసార్లు చదివాను. పేరు పెట్టి పిలవలేదు.


డిసెంబరు 29, సోమవారం

గంగాదేవికి కాగితం ఇచ్చాను. వెన్నెల పైకి చదివింది. సముద్రం చూడ్డానికి వచ్చేవాళ్ళకి ఇస్తారు ఇల్లు, అని నేను మళ్ళీ మాటల్లో చెప్పాను. గంగాదేవి తలూపింది. సముద్రం మీద బతికేవాళ్ళని లేపి, చూసేవాళ్ళకి ఇవ్వడమని నాగులు నవ్వుతూనే అన్నాడు. నాకు నవ్వు రాలేదు.

నాకు తెలిసినచోట్ల ఇల్లు చూస్తానన్నాను. "వద్దండి మేడంగారూ, మేం చూసుకుంటాం" అంది గంగాదేవి. మంచినీళ్ళిచ్చింది. అన్నం తినమనలేదు.


జనవరి 6

అచ్యుతరామయ్యగారికి ఫోన్ చేసి లెక్క చెప్పాను. సరేనమ్మా అని, ఆగకుండా పన్లు చెప్పడం మొదలుపెట్టారు. గోడ, గేటు, మున్సిపాలిటీ పన్ను. ఇప్పుడు హాయిగా అడుగుతున్నాను చూశావా అన్నారు. నాకూ హాయిగానే ఉంది. మామిడికాయలు వచ్చాక పచ్చడి పెట్టి పంపుతానండి అన్నాను. అది మన ఒప్పందంలో లేదమ్మా, అన్నారు.


ఫిబ్రవరి 1, ఆదివారం

కరుణ పంపిన డబ్బు బ్యాంకులో పడింది. రెండోసారి. ఫోన్ లేదు. ఆదివారాలు ఇంత పొడుగ్గా ఉంటాయని తెలియదు. ఇల్లంతా దులిపి, దులిపిన అర మళ్ళీ దులిపాను.


మార్చి 11, బుధవారం

ఎవరో ఫోన్ చేశారు. బాపట్లలో బర్నబాస్‌గారట, రైల్వేలో చేసి రిటైరయ్యారు. గంగాదేవి అనే ఆవిడ మా ఇల్లు అద్దెకడిగి మీ నంబరిచ్చిందండి, మిమ్మల్ని అడిగితే వాళ్ళ సంగతి ఉన్నదున్నట్టు చెబుతారంది అన్నారు.

 లైన్లో ఉన్నారా అండి అని ఆయనే అడిగారు.

చెప్పాను. ఆవిడ చేపలు అమ్ముతుంది, ఆయన వేటకి వెళతాడు. తెల్లవారకముందే గేటు చప్పుడవుతుంది, మీకు నిద్ర తేలికైతే ఇబ్బంది. ఇల్లు అద్దంలా పెడతారు. నేను వాళ్ళకి అన్యాయం చేసినప్పుడు కూడా వాళ్ళు నా మర్యాద కాపాడారు. ఆఖరి మాట ఎందుకు చెప్పానో తెలియదు. ఆయన అదేంటని అడగలేదు. నేను లేచేదీ ఆ వేళకేనండి, అన్నారు.


ఏప్రిల్ 29, బుధవారం

వెన్నెల పరీక్షలు సోమవారంతో అయిపోయాయి. ఇవాళ ఖాళీ చేశారు. నేను వెళ్ళేసరికి సామాను ఆటోలో ఉంది. ఇల్లు మొత్తం కడిగారు. గంగాదేవి నన్ను ప్రతి గదికీ తీసుకెళ్ళి, స్విచ్చి వేసి, కుళాయి తిప్పి చూపించింది. చూసుకోండి మేడంగారూ అంది. అక్కర్లేదు అనబోయి ఊరుకున్నాను. ఆవిడకి నేను చూడటమే కావాలి. అన్నీ చూశాను. అంతా బాగుందని చెప్పాను. అడ్వాన్సు మొత్తం చేతికిచ్చాను.

కొత్త ఇల్లు ఎలా ఉందని అడిగాను. గాలి బాగా వస్తుందండి అంది. రమ్మని పిలుస్తుందేమోనని, తాళం పెట్టి లాగుతూ కావాలని ఆలస్యం చేశాను. పిలవలేదు. వెన్నెల మాత్రం వెళ్ళొస్తామండి అంది.

రేపు సుధీర్ మనిషికి తాళాలు ఇచ్చేస్తే అయిపోతుంది.


మే 3, ఆదివారం

బాపట్ల ఇంటితో నాకు పని లేదు. కరుణకి నాతో పని లేదు.


మే 10, ఆదివారం

పొద్దున టిఫిన్ తిని, చేయి కడుక్కుని, నేనే ఫోన్ చేశాను.

"ఏమైంది? ఇంటికేమన్నా అయిందా?" అంది కరుణ.

ఇల్లు నా చేతుల్లో లేదు కదా అన్నాను.

"మరి?"

మరి ఏమిటో నాకూ తెలియదు. మోటారు లేదు, మేస్త్రీ లేడు.  ఆపరేషన్ దేనికి చేశారే అని అడిగాను.

ఫోన్ పెట్టేస్తుందనుకున్నాను. పెట్టలేదు. గర్భసంచి తీసేశారంది. తర్వాత ఒక్కొక్క మాటే చెప్పింది. వాళ్ళాయన ఆఫీసు పని మీద ఎక్కడికో వెళ్ళాల్సి వచ్చిందట, ఆసుపత్రిలో వంటమనిషి తోడుందట. ఆ అమ్మాయికి తెలుగు రాదు, నొప్పిగా ఉందని హిందీలో ఎలా చెప్పాలో మత్తులో గుర్తు రాక, అమ్మా అమ్మా అంటూ పడుకున్నానంది. నేను ఊఁ అంటూ విన్నాను. మధ్యలో ఏదో ఒకటి చెబుదామనిపించింది కానీ చెప్పలేదు.

అయిపోయింది. ఇప్పుడెలా ఉందన్నాను, బాగానే ఉందంది. నువ్వెలా ఉన్నావంది, బాగానే ఉన్నానన్నాను. ఇద్దరికీ మాటలు అయిపోయాయి. ఇంతేనా మాకున్నవి అనిపించింది. వాళ్ళింట్లో కుక్కరు కూత పెట్టింది. ఎండలెలా ఉన్నాయి అంది, మండిపోతున్నాయన్నాను.

"ఇంకేంటి?" అంది.

"ఏం లేదు" అన్నాను.

పెట్టేస్తానని తను అనలేదు. నేనూ అనలేదు. ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని అలా కూర్చున్నాను.